కొత్త మీటరు మాకు నేర్పిన పాఠం
(వార్షిక సభలో విద్యార్థి బృందం తరఫున చేసిన ప్రసంగం)



మేము నలుగురం ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం విద్యార్థులం. హాస్టలు మెస్సుకు ఎంత కరెంటు ఖర్చవుతున్నదో గంటగంటకూ కంప్యూటరులో నమోదు చేయడం మా ప్రాజెక్టు. ఆ లెక్కనుబట్టే మెస్సు ఖర్చు పిల్లలందరికీ పంచుతారు. అంటే మా తప్పుకు డబ్బు కట్టేది మరొకరన్న మాట.

ఆ రకం మీటరును మేము అంతకు ముందు చూసి ఎరుగం. అది మాట్లాడేది మాడ్‌బస్ అనే భాష, 1979లో పుట్టింది. రెండు తీగలు కలిపి ప్రశ్న పంపితే జవాబే లేదు! వేగం 9600 అని రెండువైపులా సరిపెట్టాం గాని, పారిటీ అమరిక కలవలేదు. అది కలవకపోతే మీటరు తప్పు అని కూడా చెప్పదు, ఊరుకుంటుంది. రెండు రోజులు తీగలనే అనుమానించాం.

తరువాత జవాబు వచ్చింది గాని, వోల్టేజి అడిగితే ఇంకేదో వచ్చేది. పుస్తకంలో పట్టిక ఒకటి నుంచి మొదలైతే, పంపే సందేశంలో లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. అది దిద్దాక కూడా 230 వోల్టులుండవలసిన చోట ఒకసారి సున్నా, మరోసారి ఇరవై అంకెలకు పైబడిన సంఖ్య! ఒక్క విలువ రెండు అరల్లో సగం సగం ఉంటుంది. మేము ముందుది వెనక, వెనకది ముందు పెట్టి చదివాం.

ఇవన్నీ కంటికి కనిపించే తప్పులు. అసలు ప్రమాదం కనిపించని తప్పుతో వచ్చింది. తీగలమీది కరెంటు ట్రాన్స్‌ఫార్మరు 100/5 రకం కనుక, మా ప్రోగ్రాములో 20తో గుణించాం. "మీటరే గుణించి చెబుతోందేమో, చూశారా?" అని మా జట్టులో ఒక అమ్మాయి అడిగింది. గడువు దగ్గర పడుతోందని మేము వినిపించుకోలేదు. ఆమె ఊరుకోలేదు. మెస్సులో తక్కినవన్నీ ఆపించి, 1000 వాట్ల నీళ్ళ హీటర్లు ఆరు, ఫేజుకు రెండేసి చొప్పున అరగంట నడిపించింది. రావలసింది 3 యూనిట్లు. మా కంప్యూటరు చూపింది 60! మీటరులో ఆ నిష్పత్తి ముందే అమర్చి ఉంది. మేము మళ్ళీ గుణించాం.

ఆమె అడగకపోతే ఇరవై రెట్ల లెక్క పిల్లల నెత్తిన పడేది. మాకు సిగ్గేసింది. అందరి ముందూ ఆమెకు క్షమాపణ చెప్పుకున్నాం.

పెద్దలకు మా మనవి ఒక్కటే. ఇంట్లో పిల్లలు "నాకు తెలియలేదు, మళ్ళీ చూద్దాం" అంటే కసురుకోకండి. యంత్రం చూపిన అంకె గనుక నిజమే అనుకోకుండా, తెలిసిన కొలతతో ఒకసారి సరిచూసుకోవడం మేము నేర్చుకున్న చదువు. తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ అదే చెప్పాలని ఇక్కడ నిలబడ్డాం.

సెలవు.