కాటాకూ కంప్యూటరుకూ మధ్య

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల కార్యదర్శుల, పాల పరీక్షకుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



రిజిస్టర్ల తనిఖీ గురించి మాట్లాడవలసిందిగా నన్ను కోరారు. అయితే మన సంఘాల్లో చాలా చోట్ల ఇప్పుడు పాల సేకరణ రిజిస్టరును కలం రాయడం లేదు. ఎలక్ట్రానిక్ కాటా తూకం చెబుతుంది, పాల పరీక్ష యంత్రం వెన్న శాతం చెబుతుంది, ఆ రెండూ తీగల గుండా కంప్యూటరులోకి పోతాయి, చీటీ బయటకు వస్తుంది. కాబట్టి తనిఖీ కూడా ఆ తీగ దగ్గరే మొదలు కావాలి.

ఈ పరికరాల్లో దేనికది బాగానే ఉంటుంది. చిక్కంతా వాటిని కలిపే చోట వస్తుంది. కాటా మెకానిక్కును పిలిస్తే కాటా బాగుందంటాడు. యంత్రం కంపెనీ మనిషి యంత్రం బాగుందంటాడు. ప్రోగ్రాము ఇచ్చినాయన తన ప్రోగ్రాములో లోపం లేదంటాడు. ముగ్గురూ అబద్ధం చెప్పరు. కాని సాయంత్రం పూట పాల క్యాన్లతో వరుసలో నిలబడిన సభ్యులకు జవాబు చెప్పవలసినవాడు మాత్రం కార్యదర్శి ఒక్కడే.

కొంతకాలం క్రితం ఒక సంఘానికి ఫిర్యాదు మీద వెళ్లాను. కొత్త కంప్యూటరు పెట్టిన దగ్గర నుంచి తన గేదె పాలకు ఏడు దరిదాపుల్లో రావలసిన వెన్న నాలుగుకు పడిపోయిందని ఒక సభ్యురాలి ఆరోపణ. ఆమె వెనుక మరి నలుగురైదుగురు ఇదే మాట అన్నారు. కార్యదర్శి తన వాళ్లకు వెన్న ఎక్కించి, కాని వాళ్లకు కోస్తున్నాడని ఊళ్లో అనుకుంటున్నారు. అతన్ని తొలగించే అంశం అప్పటికే పాలకవర్గ సమావేశపు అజెండాలోకి ఎక్కింది. విచిత్రమేమంటే, యూనియన్ నుంచి వచ్చే ట్రక్ షీటుతో సంఘం మొత్తం లెక్క పోల్చితే పెద్ద తేడా లేదు. పాలూ సరిపోయాయి, మొత్తం వెన్నా ఇంచుమించు సరిపోయింది. మొత్తం సరిపోతే దొంగతనం ఎక్కడున్నట్టు?

పరీక్ష యంత్రానికి సొంతంగా చిన్న ప్రింటరు ఒకటి ఉంటుంది. ఆ కాగితపు చుట్టలను ఆ పరీక్షకుడు పారేయకుండా సంచిలో వేసి ఉంచాడు. ఒక పూట చుట్టను పరచి, పక్కనే కంప్యూటరు తీసిన జాబితా పెట్టి చూశాము. అంకెలన్నీ అవే. కాని ఒక్కొక్క గడి కిందికి జరిగి ఉన్నాయి. మొదటి సభ్యుని వెన్న రెండో సభ్యునికి, రెండో సభ్యునిది మూడో సభ్యునికి. ఆ పూట మొదటి సభ్యునికి క్రితం పూట చివరివాని వెన్న పడింది.

కారణం చిన్నదే. కాటా తూకాన్ని క్షణంలో పంపుతుంది. పాల పరీక్షకు ముప్పావు నిమిషం, నిమిషం పడుతుంది. కార్యదర్శి తూకం కనబడగానే తొందరలో సేవ్ నొక్కుతున్నాడు. అప్పటికి కొత్త పరీక్ష ముగియలేదు గనుక ప్రోగ్రాము తన దగ్గర మిగిలి ఉన్న పాత అంకెను వేసుకుంటున్నది. ఒక సభ్యుని ఖాతా ముగియగానే పాత అంకెను తుడిచివేసి, కొత్త అంకె వచ్చేదాకా సేవ్ కానివ్వకుండా ఉంచే ఏర్పాటు ప్రోగ్రాములో ఉంది. పాత కంప్యూటరులో అది పెట్టి ఉంది. కొత్తదానిలో ప్రోగ్రాము ఎక్కించినప్పుడు ఎవరూ పెట్టలేదు.

మన ఊళ్లలో పాలు పోసేవాళ్లు రోజూ దాదాపు అదే వరుసలో వస్తారు. ఆ సభ్యురాలికి ముందు ఎప్పుడూ ఒక ఆవు పాలాయన నిలబడేవాడు. ఆయన వెన్న ఈమెకు, ఈమె వెన్న వెనుకవాళ్లకు. ఆ వెనుకవాళ్లెవరూ ఫిర్యాదు చేయలేదని వేరే చెప్పనక్కరలేదు.

చుట్టలు దొరికిన పూటలన్నిటికీ లెక్క తిరిగి కట్టించాము. నష్టపోయినవారికి తరువాతి బిల్లులో చెల్లించి, ఎక్కువ తీసుకున్నవారి దగ్గర విడతలుగా పట్టుకునేటట్టు పాలకవర్గం తీర్మానం చేసింది. తొలగింపు అంశాన్ని ఉపసంహరించుకున్నారు. కాని కొన్ని చుట్టలు కిటికీ పక్కన ఎండకు తెల్లబోయాయి. అది వేడికి అచ్చు పడే థర్మల్ కాగితం, ఎండలో పెడితే అక్షరం మిగలదు. ఆ పూటల డబ్బు ఎవరికీ తిరిగి రాలేదు. చుట్టలను చీకటి పెట్టెలో ఉంచండి, వారానికొకసారి ఫోటో నకలు తీయించి ఫైలు చేయండి.

ఇక సంబంధం తెగినప్పుడు, లేక తప్పుగా కలిసినప్పుడు ఏం చేయాలో చూద్దాం. ముందు రోగ లక్షణం చూడాలి. తెర మీద ఏమీ రాకపోవడం ఒక జబ్బు. పిచ్చి గుర్తులు రావడం వేరొక జబ్బు. సరైన అంకెలు తప్పు చోట పడడం, ఇప్పుడు చెప్పానే, అది మూడోది. మూడింటికీ మందు వేరు. అన్నిటికీ కంప్యూటరు ఆపి మళ్లీ వేయడమే మందు అనుకునేవారు మనలో చాలామంది ఉన్నారు.

పిచ్చి గుర్తులు వస్తున్నాయంటే సంతోషించండి. తీగ బాగుంది, పోర్టు బాగుంది, మాట వినబడుతున్నది, భాషే కుదరలేదు. యంత్రం పంపే వేగాన్ని బాడ్ రేటు అంటారు. యంత్రం 2400తో పంపుతుంటే కంప్యూటరు 9600తో వింటే అంతా గజిబిజి. యంత్రం పుస్తకంలో బాడ్ రేటు, డేటా బిట్లు, పారిటీ, స్టాప్ బిట్ అని నాలుగు ముక్కలు రాసి ఉంటాయి. ప్రోగ్రాములోనూ ఆ నాలుగే ఉండాలి.

అన్నీ గజిబిజిగా కాక కొన్ని అంకెలు మాత్రమే చెడితే పారిటీ దగ్గర చూడండి. యంత్రం 7 బిట్లు, ఈవెన్ పారిటీతో పంపుతూ కంప్యూటరు 8 బిట్లు, పారిటీ లేకుండా వింటున్నదనుకోండి. 0, 3, 5, 6, 9 అంకెలు శుభ్రంగా వస్తాయి. 1, 2, 4, 7, 8 చెడి వస్తాయి. దశాంశపు చుక్క కూడా బాగానే వస్తుంది. మంచి ప్రోగ్రాము అయితే తప్పు వచ్చిందని ఆగిపోతుంది. తెలియని గుర్తును వదిలేసి ముందుకు పోయే ప్రోగ్రాము అయితే 6.4 కాస్తా 6 అవుతుంది, 6.5 మాత్రం 6.5గానే ఉంటుంది. ఒకరి వెన్న తగ్గి, ఒకరిది తగ్గకపోతే అనుమానం ఎవరి మీదకు పోతుందో మీకు నేను చెప్పాలా? పిచ్చి గుర్తుల కంటే ఇది ప్రమాదం.

ఏమీ రాకపోతే మార్గం వేరు. ఈ రోజుల్లో కంప్యూటర్లకు పాత తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు ఉండడం అరుదు. అందుచేత యూఎస్‌బీ కన్వర్టరు అనే చిన్న తీగ మధ్యలో పెడుతున్నాం. అది పని చేయడానికి డ్రైవరు అనే ప్రోగ్రాము కావాలి. కంప్యూటరులో డివైస్ మేనేజర్ తెరిచి పోర్టుల వరుస చూడండి. అక్కడ కన్వర్టరు పేరు, పక్కన కామ్ 3 అనో కామ్ 5 అనో నంబరు కనబడితే డ్రైవరు కుదిరినట్టే. పసుపు రంగు త్రికోణం కనబడితే కుదరలేదు.

ఇక్కడ చౌకబారు సరుకు సంగతి చెప్పాలి. పీఎల్ 2303 అనే చిప్పులో ఒక పాత రకాన్ని దాని తయారీదారు 2012లోనే ఆపివేశాడు. కొత్త విండోస్ డ్రైవరు దాన్ని అంగీకరించదు. ఎఫ్‌టీడీఐ చిప్పులకు నకిలీలు పెరిగినందున 2014 అక్టోబరులో విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చిన డ్రైవరు ఆ నకిలీల గుర్తింపు నంబరునే సున్నా చేసింది, విమర్శలు వచ్చిన మీదట దాన్ని వెనక్కు తీసుకున్నారు. నిన్న పని చేసిన కన్వర్టరు అప్‌డేట్ తరువాత ఈ రోజు చచ్చిపోవడానికి ఇటువంటి కారణాలు ఉంటాయి. చౌకగా దొరికే తీగ కొని, లక్షల బిల్లులను దాని మీద నడపడం ఏం పొదుపో నాకు అర్థం కాదు. మంచిది ఒకటి కొని, అటువంటిదే రెండోది బీరువాలో పెట్టండి.

కన్వర్టరును ఒక యూఎస్‌బీ రంధ్రం నుంచి తీసి ఇంకో దానిలో పెడితే పోర్టు నంబరు మారవచ్చు. నిన్న కామ్ 3, ఈ రోజు కామ్ 6. ప్రోగ్రాము మాత్రం పాపం కామ్ 3 దగ్గరే ఎదురు చూస్తుంటుంది. గది ఊడ్చేవాళ్లు తీగలు పీకి మళ్లీ పెట్టిన మరునాడు వచ్చే ఫిర్యాదుల్లో సగం ఇవే. రంధ్రం పక్కన రంగు కాగితం అతికించండి, కాటాకు ఒక రంగు, పరీక్ష యంత్రానికి ఒక రంగు. పోర్టు నంబరును కావలసినట్టు మార్చుకునే వీలు డివైస్ మేనేజర్లో ఆ పోర్టు ప్రాపర్టీల్లోనే ఉంది. ఒక పోర్టును ఒకేసారి రెండు ప్రోగ్రాములు తెరవలేవని కూడా గుర్తుంచుకోండి. మెకానిక్కు పరీక్ష కోసం తెరిచిన ప్రోగ్రాము మూయకుండా వెళ్లిపోతే మీ ప్రోగ్రాముకు తలుపు తెరుచుకోదు.

ఉదయం పని చేసి సాయంత్రానికి పలకకపోతే, కంప్యూటరు కరెంటు పొదుపు కోసం యూఎస్‌బీని నిద్రపుచ్చి ఉండవచ్చు. యూఎస్‌బీ హబ్ ప్రాపర్టీల్లో పవర్ మేనేజ్‌మెంటు కింద ఆ టిక్కు తీసివేయాలి.

ఇవన్నీ చూసినా రాకపోతే, లోపం కంప్యూటరు వైపా, యంత్రం వైపా అనేది తేల్చుకోవాలి. దీనికి జానెడు రాగి తీగ చాలు. కన్వర్టరు చివర తొమ్మిది పిన్నుల్లో 2, 3 పిన్నులను ఆ తీగతో కలపండి. నంబర్లు పిన్నుల పక్కనే సన్నగా అచ్చు వేసి ఉంటాయి. పుట్టీ వంటి ఉచిత టెర్మినల్ ప్రోగ్రాములో ఆ పోర్టు తెరిచి ఏదైనా అక్షరం కొట్టండి. పంపినది తిరిగి వచ్చి తెర మీద పడితే కంప్యూటరు, డ్రైవరు, కన్వర్టరు మూడూ బాగున్నట్టే, కంప్యూటరు మనిషిని పిలిచి డబ్బు దండుగ చేసుకోనక్కరలేదు. పడకపోతే యంత్రం కంపెనీకి ఫోను చేయనక్కరలేదు. కంప్యూటరు వైపు బాగుండి కూడా యంత్రం మాట వినబడకపోతే కేబుల్ చూడండి. కొన్ని కేబుళ్లలో 2, 3 తీగలు తిన్నగా పోతాయి, కొన్నిటిలో అడ్డంగా మారి పోతాయి. చూడడానికి రెండూ ఒకటే. ఏ యంత్రానికి ఏది కావాలో పుస్తకంలో ఉంటుంది.

ఒక్కసారికి ఒక్కటే మార్చండి. తీగా, నంబరూ, వేగమూ ఒకేసారి మార్చి బాగుపడితే దేనివల్ల బాగుపడిందో తెలియదు, రేపు మళ్లీ చెడితే మొదటికే వస్తాం.

ప్రోగ్రామును కొత్తగా ఎక్కించినప్పుడు లోపలి లెక్కలు కూడా మొదటి స్థితికి పోతాయి. 12.36 కిలోల పాలను 1.03తో భాగిస్తే 12 లీటర్లు. కాటాయే లీటర్లు చూపే పద్ధతిలో ఉండగా ప్రోగ్రాము మళ్లీ భాగిస్తే 12 లీటర్లు 11.65 అవుతాయి. లాక్టోమీటరు రీడింగు నుంచి ఎస్.ఎన్.ఎఫ్. కట్టే సూత్రం సంగతీ అంతే. రీడింగు 28, వెన్న 6 ఉంటే, ఒక సూత్రం ప్రకారం 8.56, మరొక సూత్రం ప్రకారం 8.94 వస్తుంది. రెండూ వాడుకలో ఉన్నవే. మీ యూనియన్ ఏది వాడుతున్నదో కాగితం మీద రాయించుకుని గోడకు అతికించండి.

సంబంధం తెగిన పూట ఏం చేయాలి? సేకరణ ఆపనక్కరలేదు. కాటా మీద, యంత్రం మీద అంకెలు కనబడుతూనే ఉంటాయి. సభ్యుని ఎదుట వాటిని చేతి రిజిస్టరులో రాసి, సంతకం తీసుకుని, చీటీ చేత్తో ఇవ్వండి. తరువాత కంప్యూటరులో ఎక్కించేటప్పుడు చేతితో ఎక్కించినట్టు గుర్తు పెట్టండి. నిన్నటి వెన్నే ఈ రోజూ వేసేయడం మాత్రం నేను తనిఖీలో క్షమించను. ఆ పూట వరుసగా అందరికీ నిన్నటి అంకెలే ఉంటే దాన్ని పట్టుకోవడానికి నాకు ఐదు నిమిషాలు పట్టదు.

బాగుచేసిన తరువాత మొదటి పది మంది సభ్యులకు కాటా మీది అంకె, యంత్రం మీది అంకె, తెర మీది అంకె మూడూ పక్కపక్కన రాసి, అక్కడున్న సభ్యులిద్దరి చేత సంతకం పెట్టించండి. ఆ పది మందిలో ఆవు పాలు, గేదె పాలు రెండూ ఉండాలి, పది కిలోలకు పైన పోసేవారు ఒకరైనా ఉండాలి. అంకె గడి జరిగినా, మొదటి అంకె రాలినా అక్కడే బయటపడుతుంది. యంత్రం చెప్పే వెన్న మీదే అనుమానం ఉంటే అది తీగ విషయం కాదు. గెర్బర్ సీసా తీసి, 10 మి.లీ. ఆమ్లం, 10.75 మి.లీ. పాలు, 1 మి.లీ. అమైల్ ఆల్కహాలు పోసి పాత పద్ధతిలో చూడవలసిందే.

ఈ బల్ల మీద తిన్నని కేబుల్ ఒకటి, అడ్డం కేబుల్ ఒకటి, రెండు రకాల కన్వర్టర్లు, కొంచెం రాగి తీగ పెట్టాను. భోజనాలకు లేచే ముందు ఒక్కొక్క సంఘం వారు వచ్చి 2, 3 పిన్నులు మీ చేత్తో కలిపి చూడండి. కళ్లజోడు ఉన్నవాళ్లు పెట్టుకుని రండి, ఆ నంబర్లు బాగా చిన్నవి.