ఇంటి పనిశాలకు వైరింగు: ముందు లెక్క, తరువాత పని
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కుటుంబాలలో చాలామంది ఇంట్లోనే ఒక గది కేటాయించుకొని టైలరింగు, వడ్రంగం, వెల్డింగు వంటి పనులతో హలాల్ సంపాదన చేసుకుంటున్నారు. సంతోషమే. కాని మిషను కొనేటప్పుడు పది కొట్లు తిరిగే మనము, వైరింగు దగ్గరకు వచ్చేసరికి "ఏదో ఒక తీగ లాగవయ్యా" అంటున్నాము.

2022 వానాకాలంలో మా వీధి కుర్రవాడొకడు తడి నేలమీద నిలబడి డ్రిల్లింగు మిషను పట్టుకున్నాడు. దాని ప్లగ్గుకు ఎర్తు పిన్ను విరగ్గొట్టి ఉంది. తల్లి పరుగున వెళ్ళి మెయిన్ ఆపబట్టి, అల్లాహ్ దయవలన ప్రాణం దక్కింది. వేళ్ళు మాత్రం ఈనాటికీ సరిగా ముడుచుకోవు.

కనుక మేము మనవి చేసేదేమంటే, ముందు కాగితం మీద లెక్క వేయండి. ఒక హార్సుపవరు అంటే 746 వాట్లు. నష్టాలు కూడా కలిపితే అలాంటి మోటారు 230 వోల్టుల మీద సుమారు 6, 7 ఆంపియర్లు లాగుతుంది. స్టార్టింగులో ఇంకా ఎన్నోరెట్లు. అందుకని మోటారుకు 'సి' రకం ఎం.సి.బి. పెట్టాలి. లైట్లకు 1.5, పవరు సాకెట్లకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వాడుక. వెల్డింగు సెట్టుకు మెయిన్ బోర్డు నుండి విడి లైను, దాని ఆంపియర్లకు తగిన లావు తీగ కావాలి.

లైట్ల లైను, మిషన్ల లైను వేరువేరుగా ఉండాలి. లేకుంటే మిషను ట్రిప్పయినప్పుడు దీపాలూ ఆరిపోతాయి. రంపం చీకట్లో తిరుగుతూనే ఉంటుంది!

ఎం.సి.బి. మాటిమాటికీ పడిపోతోందని పెద్దది వేయించకండి. అది కాపాడేది తీగను. పెద్దది వేస్తే తీగే కాలుతుంది. మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. నెలకొకసారి దాని టెస్టు బటను నొక్కి చూడండి. అది ఉన్నదని ఎర్తింగు మానకూడదు. ఎండాకాలం ఎర్తు గుంటలో నీళ్ళు పోయడం మరువకండి.

లోడు పెరిగితే కరెంటు ఆఫీసులో ముందే దరఖాస్తు పెట్టండి. పని మాత్రం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియను చేతనే చేయించండి.

"అల్లాహ్ ఉన్నాడు గదా" అంటారు కొందరు. ఉన్నాడండీ! ఒంటెను కట్టిన తరువాతే తవక్కుల్ అని మన పెద్దలు నేర్పలేదా? ఇంటికి వెళ్ళగానే మీ ప్లగ్గుకు మూడో పిన్ను ఉన్నదో లేదో చూడండి. మా మాటకు అదే ఫలితం.

ఖుదా హాఫిజ్.