బీడు అంటే ఖాళీ నేల కాదు



మన కర్నూలు, కడప సీమలో చెట్టులేని నేల కనబడితే చాలు, పనికిరాని బంజరు అంటారు. గుంతలు తీసి మొక్కలు నాటితే అడవి పెంచినట్టు లెక్క రాస్తారు. లేదంటే సోలార్ పలకలకు ఇస్తారు. ఆ నేల మీద గొర్రెలు మేపుకునే మనిషిని అడిగేవాడు లేడు.

శాస్త్రవేత్తలు చెప్పేది వేరు. మన ఎండలకు తట్టుకునే గడ్డిజాతులు ఈ ఉపఖండంలో 70, 80 లక్షల ఏళ్ల కిందటే విస్తరించాయి. మనిషి నాగలి పట్టడానికి ఎంతో ముందు సంగతి అది. కాబట్టి గడ్డినేల అంతా చెట్లు నరికితే మిగిలిన అడవి కాదు. దాని పుట్టుక దానిదే.

రోళ్లపాడు చూడండి. బట్టమేకపిట్ట కోసం 1988లో 614 హెక్టార్లను అభయారణ్యం చేశారు. ఆ పిట్ట నేలమీదే, సాధారణంగా ఒక్క గుడ్డే పెడుతుంది. కంచె లోపలి గడ్డి ఒక్కటే దానికి చాలదు. చుట్టూ ఉన్న మన మెట్ట చేలల్లో కూడా పురుగూ గింజా ఏరుకుని బతికేది. ఆ చేల తీరు మారింది, పత్తి వచ్చింది, మందులు వచ్చాయి. కృష్ణజింకలు పెరిగి పంటల మీద పడ్డాయి. ఇప్పుడు పిట్ట కనబడటమే గగనం, పంట నష్టం మాత్రం రైతు నెత్తిన.

ఇక కడప వైపు లంకమల కలివికోడి. 1900 తర్వాత కనబడని ఆ పిట్ట 1986లో సిద్ధవటం దగ్గర మళ్లీ దొరికింది. పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి దాని అడుగుజాడలు వెతికారు. హెక్టారుకు 300 నుంచి 700 దాకా పెద్ద పొదలున్న చోటే అది ఎక్కువగా తిరుగుతుందని తేల్చారు. పొదలన్నీ కొట్టి చదును చేసినా దానికి చోటుండదు, చిక్కగా మూసుకుపోయినా ఉండదు.

దీన్నిబట్టి మనం తెలుసుకోవాల్సింది ఒకటే. కొండ మీద అడవి, కొండ కింద పొద, ఆ కింద గడ్డి, పక్కన మన చేను, అన్నీ ఒకే గొలుసు. గడ్డినేల పోతే మందలన్నీ అడవి మీదే పడతాయి. అప్పుడు అడవీ మిగలదు.

అందుకే మన సంఘం అడిగేవి మూడు. గ్రామసభను, కాపరులను అడగకుండా మేతభూమిని ఎవరికీ ఇవ్వొద్దు. గడ్డినేలలో గుంతలు తీసి అడవి అని లెక్క చూపొద్దు. జింకలు మేసిన పంటకు ఆ కారులోనే పరిహారం ఇవ్వాలి.

2006 అటవీ హక్కుల చట్టం అడవిలో మేత హక్కును గుర్తించింది. వచ్చే గ్రామసభ లోపల ప్రతి ఊళ్లో మేతభూముల సర్వే నంబర్లు రాసి పెట్టుకుందాం. కాగితం చేతిలో ఉంటేనే మన మాట నిలుస్తుంది.