టెక్సాస్ ట్యాంకు, మన చెరువు

 

టెక్సాస్‌లోని ప్లేనోకి వచ్చిన కొత్తలో, ఊరి బయట ఒక రైతు పెద్దాయన ఆవులన్నీ ట్యాంకు దగ్గరున్నాయని నాతో అన్నాడు. నేను ఇనప తొట్టి కోసం వెతికాను. ఆయన చూపించింది మట్టికట్ట వేసిన నీళ్లగుంట! టెక్సాస్ పల్లెల్లో దాన్ని ట్యాంకు అనే అంటారు. హుస్సేన్‌సాగర్ కట్టను ట్యాంక్‌బండ్ అంటూ పెరిగినవాణ్ణి. నాకు ప్రాణం లేచొచ్చింది.

మరి అది చెరువేనా? కాదు. అది పశువులు తాగడానికి తవ్వుకున్నది. చెరువంటే కట్ట ఒక్కటే కాదు. నీళ్లు వదలడానికి తూము ఉండాలి, కింద పారే ఆయకట్టు ఉండాలి, నిండితే పొర్లే అలుగు ఉండాలి. ఆ అలుగునే తెలంగాణలో మత్తడి అంటారు. టెక్సాస్ ట్యాంకుకు దగ్గరి మాట కుంట.

మట్టి దగ్గర మాత్రం తేడా చాలా తక్కువ. ప్లేనో ఉన్నది నల్లనేల మీద. ఒకప్పుడు ఇక్కడ పత్తి పండించారు. ఇక్కడి పాతకాలపు రైతులు ఆ నేలను ‘బ్లాక్ వ్యాక్సీ’ అన్నారు, అంటే మైనంలా అంటుకునే నల్లమట్టి. మనకది నల్లరేగడి. ఇంగ్లీషు పుస్తకాల్లో ‘రేగర్’ అని కనిపించే మాట మన రేగడే. ఆగస్టులో మా పెరట్లో నేల బీటలు వారిందంటే అరచెయ్యి నిలువునా దిగుతుంది. ఇంటి పునాది కదలకుండా చుట్టూ గొట్టం పరిచి నీళ్లు పెడతాం. గుంటూరు పత్తిరైతును తెచ్చి నిలబెడితే ఆ మట్టిని ఇట్టే పోల్చుకుంటాడు.

ఇలాంటి రైతు మాటలకు ఒక నిఘంటువే ఉంది. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తి పదకోశంలో వ్యవసాయ సంపుటం 1962లో వచ్చింది. రైతులు వాడే మాటలను వాళ్ల నోటనే విని పోగుచేసిన పుస్తకమది. పిల్లలూ, తెలుగు బళ్లో మీరు నాగలి అని నేర్చుకున్నారు. రాయలసీమ తాతగారు మడక అంటే దయచేసి దిద్దకండి, ఆ మాట వెనక ఆయన దున్నిన చేనుంది.

ఇక్కడ రాత్రయ్యేసరికి ఇండియాలో తెల్లవారుతుంది. అమ్మమ్మకో నానమ్మకో ఫోన్ చేసి, చెరువు నిండితే నీళ్లు పొర్లే చోటును వాళ్ల ఊళ్లో ఏమంటారో అడగండి. అలుగో, మత్తడో, నేనింతవరకూ వినని ఇంకో మాటో. రాసుకొచ్చి నాకూ చెప్పండి.