నల్లబల్ల నేర్పిన పాఠం
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



రాయవేలూరులోను, గుడియాత్తంలోను పిల్లలను తెలుగు మాధ్యమంలో చేర్పించడానికి వచ్చే తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. "తెలుగులో చదివిన పిల్లవానికి కంప్యూటరు విద్య అబ్బుతుందా?" అని. ఆ ప్రశ్నలో మాతృభాషపై చిన్నచూపు లేదు. బిడ్డ భవిష్యత్తును గురించిన ఆందోళన ఉన్నది. దానికి వాదనకంటె ఒక జీవితమే తగిన సమాధానం.

దబ్బల రాజగోపాలరెడ్డి, లోకం రాజ్ రెడ్డిగా ఎరిగిన శాస్త్రవేత్త, 1937 జూన్ 13న శ్రీకాళహస్తి సమీపంలోని కాటూరు గ్రామంలో జన్మించారు. ఆ సీమ దూరదేశం కాదు. గుడియాత్తం, కాళహస్తి 1911 వరకు ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. ఆ ఏడు చిత్తూరు జిల్లా ఏర్పడిన తరువాతనే వేరయ్యాయి. తండ్రి శ్రీనివాసులురెడ్డి వ్యవసాయదారు. తల్లి పిచ్చమ్మ గృహిణి. ఆ ఇంట కళాశాల గడప తొక్కిన మొదటి వ్యక్తి రాజగోపాలరెడ్డి. 1958లో మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాల నుండి పట్టం పుచ్చుకున్నారు. ఆ పట్టం కంప్యూటరు శాస్త్రంలో కాదు, సివిల్ ఇంజనీరింగులో! 1960లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో ఎం.టెక్. ముగించి, అక్కడనే ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసి, అనంతరం అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ చేరారు. కృత్రిమ మేధ అనే శాస్త్రానికి ఆంగ్లంలో నామకరణం చేసిన జాన్ మెకార్తీ అక్కడ ఆయనకు గురువు. 1966లో డాక్టరేటు లభించింది.

అవి యంత్రాలకు ఆటలు నేర్పుతున్న రోజులు. 1962లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో స్టీవ్ రస్సెల్, ఆయన మిత్రులు కలసి 'స్పేస్‌వార్' అనే ఆటను రూపొందించారు. తెరమీద రెండు నౌకలు పోరాడే ఆ ఆట తొలి కంప్యూటరు ఆటలలో ప్రసిద్ధమైనది. పిల్లల కాలక్షేపంగా కనబడే ఆటను విద్వాంసులు ఎందుకు చేపట్టినట్లు? ఆటకు నియమాలు స్పష్టం, గెలుపోటములు స్పష్టం, యంత్రం నేర్చినదీ నేర్వనిదీ వెంటనే తేలిపోతుంది. ఆట కూడ ఒక పరీక్షయే.

1969లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి మారిన రాజ్ రెడ్డి, ఆయన సహచరులు ఈ ఉపాయాన్నే అవలంబించారు. వారి సమస్య చదరంగం కాదు. మనిషి మాటను యంత్రం చేత గ్రహింపజేయడం. దానికి చదరంగం సాధనమైనది. 1973 నాటికి వెలువడిన 'హియర్‌సే-1' అనే వ్యవస్థతో చదరంగం ఆడేవారు ఎత్తును చేతితో కాక నోటితో చెప్పేవారు. మాట ఎప్పుడూ స్పష్టంగా వినబడదు. ఒకరు నమిలి పలుకుతారు, ఒకరు మ్రింగి పలుకుతారు. చెవిన పడిన ధ్వని 'బంటు'యా, మరొకటియా అని యంత్రం సందేహించినప్పుడు, బల్లమీద ఉన్న పావుల స్థితిని బట్టి ఏ ఎత్తు సాధ్యమో, ఏది సమంజసమో చదరంగపు ప్రోగ్రాము సూచించేది. చెవికి అందనిది తెలివికి అందింది. తరగతిలో వెనుక బెంచీ విద్యార్థి సగం వినబడిన వాక్యాన్ని సందర్భాన్ని బట్టి పూరించుకోవడం లేదా? ఇదీ అటువంటిదే.

తరువాత వచ్చిన 'హియర్‌సే-2'లో ఉపాధ్యాయులకు మరింత ప్రీతి కలిగించే విషయం ఉన్నది. లీ ఎర్మన్, విక్టర్ లెసర్, ఫ్రెడరిక్ హేస్-రాత్, రాజ్ రెడ్డి తదితరుల కృషి ఫలితమైన ఈ వ్యవస్థ వేయికి పైగా పదాలతో పనిచేసేది. దాని నిర్మాణానికి వారు పెట్టుకున్న పేరు 'బ్లాక్‌బోర్డు', అంటే మన తరగతి గదిలోని నల్లబల్ల. ధ్వని ఎరిగిన ప్రోగ్రాము ఒకటి, పదాలు ఎరిగినది మరొకటి, వాక్య నిర్మాణం ఎరిగినది ఇంకొకటి. ఏ ఒక్కదానికీ పూర్తి వాక్యం తెలియదు. అన్నిటికీ ఉమ్మడిగా ఒక బల్ల ఉన్నది. ప్రతిదీ తనకు తోచిన ఊహను ఆ బల్లపై నమోదు చేస్తుంది. దాన్ని ఆధారం చేసుకొని మరొకటి తన ఊహను చేరుస్తుంది. నిలువగలిగిన ఊహలు బలపడతాయి, నిలువలేనివి వెనుకబడతాయి. అరకొర తెలివి గలవన్నీ కలసి అనిశ్చయం నుండి నిశ్చయానికి చేరుకుంటాయి.

ఇటువంటి బల్లనే మరొక విధంగా మరి ఇరువురు నిలబెట్టారు. 1978 జనవరిలో షికాగో నగరాన్ని మంచు ముంచెత్తినప్పుడు వార్డ్ క్రిస్టెన్‌సెన్, రాండీ స్యూస్ అనే మిత్రులు తమ కంప్యూటరు అభిరుచి సంఘపు ప్రకటనల బల్లను టెలిఫోను తీగ మీదికి ఎక్కించే పనికి పూనుకున్నారు. ఫిబ్రవరి 16న అది వాడుకకు వచ్చింది. ఒకసారికి ఒక్కరే ఫోనుచేసి, సందేశాలు చదివి, తమ సందేశం విడిచి వెళ్ళేవారు. క్రిస్టెన్‌సెన్ అంతకు ముందే, 1977లో, ఫోను మీద సమాచారం పంపే పద్ధతిని వ్రాశారు. 128 అక్షరాల చొప్పున పంపి, లెక్క సరిపోకపోతే ఆ భాగాన్ని మరల పంపడం అందలి కిటుకు. ఉక్తలేఖనంలో పంతులుగారు వాక్యాన్ని మరల చదివినట్లే. ఆ ప్రోగ్రామును ఆయన అందరికీ ఉచితంగా ఇచ్చివేశారు. స్యూస్ 2019లో, క్రిస్టెన్‌సెన్ 2024లో కన్నుమూశారు. బల్ల మీద సందేశం వ్రాసి పంచుకునే అలవాటు లోకమంతటా నిలిచింది.

రాజ్ రెడ్డికి 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలసి ట్యూరింగ్ పురస్కారం లభించింది. ఆసియా సంతతివారిలో దానిని పొందిన తొలి వ్యక్తి ఆయనే. 2001లో భారత ప్రభుత్వం పద్మభూషణ్‌తో గౌరవించింది. సన్మానాలకంటె గమనింపదగినది ఆయన దృష్టి. చదువురానివారు సైతం వాడుకోగల కంప్యూటరు కోసం 2004లో ప్రయత్నించారు. 2008లో ఆంధ్రప్రదేశ్‌లో గ్రామీణ విద్యార్థుల కొరకు ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి తొలి కులపతి అయ్యారు. కాటూరు ఆయనను విడువలేదు.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. ఆయన శాస్త్రగ్రంథాలు ఆంగ్లంలో ఉన్నవి. ఆంగ్లం నేర్వకుండా ఆ ఎత్తుకు చేరలేదు. ఈ ఊళ్ళలో పెరిగే బిడ్డకు తమిళమూ కావాలి. ఇది దాచవలసిన విషయం కాదు. కాని చదరంగపు బల్లను చూచి "ఇది కాదు, అది అయి ఉండాలి" అని తర్కించే శక్తికి ప్రత్యేకించి ఒక భాష లేదు. బిడ్డ మొదట ఏ భాషలో ప్రశ్నిస్తాడో ఆ భాషలోనే అది మొలకెత్తుతుంది. ప్రశ్నను అణచివేసే తరగతి ఏ మాధ్యమమైనా ఎండిన నేలయే.

మరొక మాట. నేడు యంత్రాలు తెలుగు వింటున్నాయి. కాని అవి నేర్చినది తమకు వినిపించిన తెలుగును మాత్రమే. గుడియాత్తం మగ్గాల వీధిలో అవ్వ మనుమరాలితో పలికే తెలుగును, తమిళపు యాసతో కలగలిసిన ఆ తీయని పలుకును, ఎవరు వినిపించాలి? వ్రాయనిది బల్ల మీద ఉండదు. బల్ల మీద లేనిది లెక్కకు రాదు. ఆ అవ్వల కథలను, సామెతలను, వృత్తి పదాలను సేకరించి వ్రాసిపెట్టే పని ఈ పాఠశాల పిల్లలది. ఆ పనిలో తోడ్పడడం పూర్వ విద్యార్థులకు తగిన జూబిలీ కానుక.

75 సంవత్సరాలుగా ఈ గదులలో నల్లబల్ల ప్రతి సాయంత్రం తుడుపబడి, ప్రతి ఉదయం నిండుతున్నది. సుద్దముక్క అందుకోవలసిన చేతులు ముందు వరుసలోనే కూర్చుని ఉన్నాయి.

స్వస్తి.