చీటీ లేకుండా దొరికే గోలి

ముస్తాబాద్ మండల దంపతుల కోసం ఆరోగ్య బోధకురాలి ప్రసంగ పాఠం



కుటుంబ నియంత్రణ గోలీలు కొనడానికి డాక్టరు చీటీ అక్కర లేదని మీలో చాలామందికి తెలుసు. ముస్తాబాద్‌లో గాని సిరిసిల్లలో గాని మందుల దుకాణానికి పోయి ‘మాలా-డి’ ఇమ్మంటే ఇస్తారు. అదే మందు ‘మాలా-ఎన్’ పేరుతో ఆరోగ్య కేంద్రంలో, ఉపకేంద్రంలో ఉచితంగా దొరుకుతుంది. మీ వాడకట్టు ఆశ కార్యకర్త దగ్గర కూడా ఉంటుంది. అమెరికాలో ఇటువంటి గోలి 1960లోనే వచ్చినా, రోజూ వేసుకునే గోలిని (అదీ వేరొక రకం) చీటీ లేకుండా అమ్మడానికి 2023 జూలైలో గాని అనుమతి రాలేదు. మన దేశంలో 1980ల చివరి నుంచే మాలా-డిని చీటీ లేకుండా అమ్ముతున్నారు. ఈ ఒక్క విషయంలో మనమే ముందున్నామని చెప్పుకోవచ్చు.

అయితే చీటీ లేదంటే అర్థం ఏమిటి? డాక్టరు అడగవలసిన నాలుగు ప్రశ్నలు మనమే వేసుకోవాలన్న మాట. గోలి మంచిదే. అడగకుండా, తెలుసుకోకుండా మింగడం మంచిది కాదు. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదే.

ముందుగా ఒక ప్రమాదం సంగతి చెప్పాలి. దుకాణానికి ఎక్కువగా పోయేది మగవారు. ఆడవాళ్ళకు సిగ్గు, మగవారికి అంతకన్నా ఎక్కువ సిగ్గు. నలుగురూ నిలబడి ఉండగా మెల్లగా ‘పిల్లలు కాకుండ గోలీలుంటే ఇయ్యి’ అంటారు. దుకాణంవాడు అడగడు, ఈయన చెప్పడు. ఏ పొట్లం చేతిలో పెడితే అది ఇంటికి వస్తుంది. కాని ‘పిల్లలు కాకుండా’ అని మనం ఒక్క మాటతో పిలిచే గోలీలు మూడు రకాలు. ఆ మూడింటికీ పని వేరు.

ఒకటి, రోజూ వేసుకునేది. మాలా-ఎన్, మాలా-డి ఈ రకం. ఇది గర్భం రాకుండా ముందే అడ్డుకుంటుంది. రెండవది, అత్యవసర గోలి. నిరోధ్ చిరిగిపోయినా, ఏ జాగ్రత్తా లేకుండా కలిసినా, 72 గంటలలోపు వేసుకోవలసిన ఒకే ఒక గోలి. ఎంత త్వరగా వేసుకుంటే అంత బాగా పనిచేస్తుంది. దీన్ని కూడా 2005 నుంచి చీటీ లేకుండా అమ్మనిస్తున్నారు. ఇది రోజువారీ గోలికి బదులు కాదు. నెలలో మూడు నాలుగుసార్లు ఇదే మింగేవారికి బహిష్టు లెక్క తప్పుతుంది, గర్భం వచ్చే అవకాశమూ మిగిలే ఉంటుంది. మూడవది, వచ్చిన గర్భాన్ని పోగొట్టేది. ఇది చీటీ లేకుండా అమ్మకూడని మందు. తొమ్మిది వారాలలోపు గర్భానికి, డాక్టరు పరీక్షించిన తరువాతనే వాడాలి. గర్భం గర్భసంచిలో కాక పక్క గొట్టంలో నిలిచి ఉంటే ఈ మందు పనిచేయదు. గొట్టం పగిలి లోపల రక్తం పోయి ప్రాణానికే వస్తుంది. ఎంత రక్తం పోతే మామూలు, ఎంత పోతే ప్రమాదం అన్నది ఇంట్లో కూర్చున్న మనిషికి తెలియదు. అందుచేత దుకాణంవాడు ‘ఇది మింగితే సాఫ్ అయితది’ అన్నాడంటే ఆ పొట్లం అక్కడే వదిలిపెట్టి రండి. గర్భం వద్దనుకుంటే 1971 నాటి చట్టం ప్రకారం దవాఖానలో డాక్టరు దగ్గర తీయించుకోవచ్చు. పెళ్ళయిన స్త్రీకి పద్దెనిమిదేళ్ళు నిండి ఉంటే ఆమె సంతకమే చాలు, మరొకరి సంతకం అక్కర లేదు. దొంగచాటు పని అంతకన్నా లేదు.

ఇక రోజువారీ గోలి సంగతికి వద్దాం. స్త్రీ శరీరంలో నెలకొకసారి అండం విడుదలవుతుంది. ఈ గోలిలో ఉన్న రెండు హార్మోనులు ఆ విడుదలను ఆపుతాయి. అండం రాకపోతే గర్భం లేదు. అంతే గాని గోలి కడుపులో పేరుకుపోయి దారి మూసేది ఏమీ లేదు. మింగిన గోలి ఆ ఒకటి రెండు రోజులు పనిచేసి పోతుంది. అందుకే రోజూ వేసుకోవాలి. ‘కలిసిన నాడు వేసుకుంటే చాలదా?’ అని మీటింగుల్లో తరచు అడుగుతారు. చాలదు. మగ్గం మీద పోగు రోజూ చూసుకుంటేనే బట్ట సాఫీగా వస్తుందని మీకు నేను చెప్పనక్కర లేదు.

ఒక పొట్లంలో 28 గోలీలుంటాయి. 21 తెల్లవి, 7 ఇటుక రంగువి. తెల్లవాటిలో మందు, ఇటుక రంగువాటిలో ఇనుము. రక్తం తక్కువగా ఉండే మన ఆడవాళ్ళకు ఈ ఏడూ కూడా ఉపయోగమే, పారేయవద్దు. బహిష్టు మొదలైన అయిదు రోజులలోపు మొదటి తెల్ల గోలి వేసుకోవాలి. అలా మొదలుపెడితే ఆ రోజు నుంచే రక్షణ ఉంటుంది. తెల్లవి అయిపోగానే ఇటుక రంగువి, అవీ అయిపోయిన మరుసటి రోజే కొత్త పొట్లం. మధ్యలో ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. ఇటుక రంగువి వేసుకునే రోజుల్లో బహిష్టు వస్తుంది. రాత్రి అన్నం తిన్న తరువాత వేసుకుంటే వికారం తక్కువ. పొట్లాన్ని దువ్వెన దగ్గరో, దిండు కిందనో రోజూ చెయ్యి పడే చోట పెట్టుకోండి, పిల్లల చేతికి అందకుండా మాత్రం చూసుకోండి.

మరచిపోతే? ఒక తెల్ల గోలి మరచిపోతే గుర్తుకు రాగానే వేసుకోండి, ఆనాటిది ఆ వేళకే వేసుకోండి. ఒకే రోజు రెండు పడ్డా భయం లేదు. రెండు గాని అంతకన్నా ఎక్కువ గాని తప్పిపోతే వెంటనే ఒకటి వేసుకొని, మిగతావి రోజూ మామూలుగా కొనసాగించండి. వారం రోజులు మాత్రం నిరోధ్ కూడా వాడాలి. తప్పినవి మూడో వారంలోనివైతే తెల్లవి పూర్తికాగానే ఇటుక రంగువి వదిలేసి కొత్త పొట్లం మొదలుపెట్టాలి. మొదటి వారంలోనివైతే, ఆ రోజుల్లో కలిసి ఉంటే, వెంటనే నర్సమ్మను కలవండి. ఇటుక రంగు గోలి మరచిపోతే గర్భం విషయంలో దిగులు లేదు. గోలి మింగిన రెండు గంటలలోపు వాంతి అయితే ఇంకొకటి వేసుకోవాలి. ఇవన్నీ ఒక్కసారిగా గుర్తుండవు. ఈ కాగితాన్ని పొట్లంతో కలిపి పెట్టుకోండి.

ఒక్కటీ తప్పకుండా వాడితే ఏడాదిలో నూరుమందిలో ఒకరికి కూడా గర్భం రాదు. కాని మనుషులు మామూలుగా వాడే తీరులో నూరుమందిలో ఏడుగురికి వస్తుంది. తేడా మందులో లేదు, మరచిపోవడంలో ఉంది. ఇక్కడే మగవారికి పని ఉన్నది. రాత్రి భోజనం కాగానే ‘గోలి వేసుకున్నవా?’ అని అడగడానికి ఖర్చేమీ కాదు గదా!

ఎవరు వాడకూడదు? చీటీ లేదు కాబట్టి ఈ భాగం దంపతులిద్దరూ కలిసి చదవాలి. పసిబిడ్డకు పాలిస్తూ, బిడ్డకు ఆరు నెలలు నిండని తల్లి మాలా గోలీలు వాడకూడదు, పాలు తగ్గవచ్చు. బి.పి. ఉన్నవారు, కాలి నరాల్లోగాని ఊపిరితిత్తుల్లోగాని రక్తం గడ్డకట్టినవారు, గుండె జబ్బు, పక్షవాతం వచ్చినవారు వాడకూడదు. కామెర్లు ఉన్నవారు, కాలేయం చెడినవారు, రొమ్ము క్యాన్సరు వచ్చినవారు, కళ్ళ ముందు మెరుపులు కనిపించి ఆ వెంట ఒకపక్క తలనొప్పి లేచేవారు కూడా వాడకూడదు. 35 ఏళ్ళు దాటి చుట్టగాని బీడీగాని తాగే స్త్రీలు వాడితే గుండెకు ముప్పు. బీడీలు చుట్టడం వేరు, తాగడం వేరు. నేను చెప్పేది తాగేవారి సంగతి.

మన ప్రాంతంలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. టి.బి. మందులు వాడుతున్నారా? ఆ మందుల్లోని రిఫాంపిసిన్ ఈ గోలి బలాన్ని తగ్గించేస్తుంది. ఫిట్స్‌కు వాడే కొన్ని మందులూ అంతే. ఆమె రోజూ తప్పకుండా గోలి వేసుకుంటూనే ఉంటుంది, గర్భం వచ్చి కూర్చుంటుంది. ‘గోలీలు పనిచెయ్యవు’ అని ఊరంతా మాట పుడుతుంది. టి.బి. కార్డు ఉన్నవారు దాన్ని వెంట తెచ్చి చూపించండి, వేరే పద్ధతి చెబుతారు.

ఈ ప్రశ్నలన్నిటికీ ఇంట్లోనే జవాబు చెప్పుకోవచ్చు, ఒక్క బి.పి. తప్ప. బి.పి. పైకి కనపడదు. గోలి మొదలుపెట్టేముందు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి, ఆ తరువాత ఏడాదికొకసారి ఉపకేంద్రంలో చూపించుకోండి. అయిదు నిమిషాల పని, డబ్బు లేదు.

మొదటి రెండు మూడు నెలలు వికారం, తలనొప్పి, రొమ్ముల సలుపు, మధ్య మధ్య కాస్త రక్తపు మరక ఉండవచ్చు. చాలామందికి అవే తగ్గిపోతాయి. కాని ఒక కాలు వాచి తీవ్రంగా నొప్పి పెట్టినా, ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా, చూపు మసకబారి తల పగిలేంత నొప్పి వచ్చినా, కళ్ళు పచ్చబడినా గోలి ఆపి ఆ రోజే దవాఖానకు రండి. తెల్లవారనిద్దామని ఆగవద్దు.

‘గోలీలు మింగితే గర్భసంచి ఎండిపోతది, మళ్ళ పిల్లలు కారు’ అని అత్తమ్మలు భయపెడతారు. వారి భయం వారిది, తిట్టనక్కర లేదు. కాని అది నిజం కాదు. ఆపిన కొద్ది కాలానికే గర్భం నిలుస్తుంది. క్యాన్సరు వస్తుందా అంటే దాచకుండా చెబుతాను. వాడుతున్న కాలంలో రొమ్ము క్యాన్సరు అవకాశం కొద్దిగా పెరుగుతుంది, ఆపిన తరువాత క్రమంగా తగ్గిపోతుంది. అండాశయం, గర్భసంచి లోపొరల క్యాన్సర్లు మాత్రం వాడినవారిలో తక్కువ.

ఇప్పుడు దుబాయి పోయిన ఇండ్ల సంగతి. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల పక్క ప్రతి ఊళ్ళో ఇటువంటి దంపతులున్నారు. భర్త రెండేళ్ళకొకసారి రెండు నెలల సెలవు మీద వస్తాడు. భార్య ముందునుంచి గోలి వాడితే ‘మగడు ఊళ్ళె లేకుండ గోలీలెందుకు?’ అని నోళ్ళు లేస్తాయి. వాడకపోతే అతను విమానమెక్కేనాటికి ఈమెకు నెల తప్పుతుంది. ఆ తరువాత కాన్పు, దవాఖాన, రాత్రిపూట బిడ్డ జ్వరం, అన్నీ ఆమె ఒక్కతే మొయ్యాలి. అతను వచ్చిన నాడు గోలి మొదలుపెడితే అది బహిష్టు రోజుల్లో పడకపోవచ్చు, అప్పుడు మొదటి వారం రక్షణ ఉండదు. వచ్చే తేదీ తెలియగానే దానికి ముందు వచ్చే బహిష్టులో మొదలుపెట్టాలి. అతను పోయిన తరువాత చేతిలోని పొట్లం పూర్తిచేసి ఆపవచ్చు. సెలవు మరీ చిన్నదైతే నిరోధే మేలని నా అభిప్రాయం. దూరాన ఉండి వచ్చినవారికి సుఖవ్యాధుల నుంచి కూడా కాపాడేది అదొక్కటే, గోలి ఆ పని చేయదు. ఊరి నోటికి జవాబు చెప్పవలసింది భార్య కాదు. భర్త అక్కడినుంచి ఫోనులో తల్లితో ‘నేనే చెప్పిన, వేసుకొమ్మని’ అన్నాడంటే సగం మాటలు అక్కడే ఆగిపోతాయి.

పాలిచ్చే తల్లులకు, రోజూ గుర్తుపెట్టుకోలేనివారికి ‘ఛాయ’ అనే గోలి ఉన్నది. ఇందులో హార్మోను లేదు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో మనవారే కనుగొన్న మందు. 1991లో ‘సహేలి’ పేరుతో బజారుకు వచ్చింది, 2016-17 నుంచి ప్రభుత్వ కేంద్రాల్లో ‘ఛాయ’గా ఉచితంగా ఇస్తున్నారు. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తరువాత వారానికి ఒకసారి. బహిష్టు మొదటి రోజు ఆదివారమైతే ఆదివారం, బుధవారం వేసుకోవాలి. నాలుగో నెల నుంచి ఆదివారం ఒక్కటే. మొదట్లో బహిష్టు ఆలస్యం కావచ్చు, పదిహేను రోజులు దాటితే పరీక్ష చేయించుకోండి. కామెర్లు, కాలేయ జబ్బు, టి.బి., మూత్రపిండాల జబ్బు, అండాశయంలో నీటి బుడగలు ఉన్నవారికి ఇది కూడదు.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, మనవైపు కుటుంబ నియంత్రణ అంటే ఆపరేషనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో దాదాపు నూటికి అరవైమంది వివాహిత స్త్రీలు ఆపరేషను చేయించుకున్నవారు. గోలి వాడేవారు నూటికి ఇద్దరు కూడా లేరు. ఇద్దరు బిడ్డలు చాలనుకున్న వారికి ఆపరేషను మంచిదే. కాని పెళ్ళయిన ఏడాదికి ఒకరు, మరుసటి ఏడాది ఒకరు, ఇరవై రెండేళ్ళకు ఆపరేషను అంటే ఆ తల్లి శరీరానికి ఊపిరి తీసుకునే వ్యవధి ఎక్కడ? బిడ్డకూ బిడ్డకూ మూడేళ్ళ ఎడముంటే తల్లికి రక్తం పడుతుంది, పెద్దదానికి పాలు దక్కుతాయి. ఆ ఎడం కోసమే ఈ గోలి. 1975-77 ఎమర్జెన్సీ రోజుల్లో దేశంలో కొన్నిచోట్ల బలవంతపు ఆపరేషన్లు జరిగాయి, ఆ చేదు కొందరి మనసుల్లో ఇంకా ఉంది. ఇక్కడ అటువంటిది లేదు. గోలి, కాపర్-టి, సూది, నిరోధ్, ఏది కావాలో, అసలు కావాలో వద్దో మీరిద్దరూ అనుకొని చెప్పాలి.

ఇక మీ ప్రశ్నలు అడగండి. మందుల దుకాణం నుంచి తెచ్చుకున్న పొట్లాలు ఇంట్లో ఉంటే ఉపకేంద్రానికి తీసుకురండి, అది మూడింటిలో ఏ రకమో చదివి చెబుతాం. అందరి ముందు అడగలేని అక్కచెల్లెళ్ళ కోసం నర్సమ్మ లోపలి గదిలో బి.పి. మిషనుతో కూర్చుని ఉన్నది.