కరపత్రమునకు తగిన మడత



మామిడికాయలను పెట్టెలలో సర్ది, పట్టణములోని ఇండ్లకు నేరుగా పంపు రైతులు నేడు మనలో ఉన్నారు. పెట్టెలో ఒక కరపత్రమును ఉంచుట మంచిదే. కాని దాని మడతను అచ్చునకు ముందే నిర్ణయించుకొనవలెను.

ఎ4 కాగితము 297 మిల్లీమీటర్ల పొడవు, 210 మిల్లీమీటర్ల వెడల్పు ఉండును. నడుమ ఒక్క మడత పెట్టినచో నాలుగు పుటలగును. చెప్పవలసినది కొద్దిగా ఉన్నప్పుడు ఇది చాలును.

రెండు మడతలు పెట్టినచో ఆరు పుటలగును. ఇందు రెండు విధములు కలవు. మొదటిది ఉత్తరమువలె మడుచుట. లోనికి పోవు పుట 97, తక్కినవి 100 మిల్లీమీటర్ల చొప్పున ఉండవలెను. మూడును సమముగా ఉన్నచో లోపలి అంచు నలుగును. రకములు, ధరలు, చిరునామా వేర్వేరుగా చూపుటకు ఇది అనుకూలము.

రెండవది పంచె కుచ్చిళ్లవలె ముందుకొకటి, వెనుకకొకటి మడుచుట. లాగినంతనే వరుసగా తెరచుకొనును. కాయ పచ్చిగా ఉన్నదని కొన్నవారు పారవేయక, గడ్డిలో మాగవేసి, మాగిన పిమ్మట తినవలెనని వరుసగా తెలుపుటకు ఇదియే తగినది.

దళసరి కాగితమైనచో మడత చోట ముందుగా గీత నొక్కించవలెను. లేనిచో రంగు పగులును. ధరను, ఫోను నంబరును మడతపై పడనీయరాదు.

ప్రెస్సునకు పోవుటకు ముందు తెల్లకాగితమును మడిచి, పెన్సిలుతో వ్రాసి, ఇంటిలో ఒకరి చేతికిచ్చి చూడుడు. వారు మొదట తెరచిన చోట మీ ముఖ్యమైన మాట కనబడవలెను. కనబడనిచో అప్పుడే మార్చుడు. వేయి ప్రతులు అచ్చయిన పిదప దిద్దుటకు వీలుండదు.